పెద్దపాదానికి మోకాళ్లు సిద్ధం చేయడం: మాలకు ముందు, మాలలో – ఒక కేస్ స్టడీ

నేపథ్యం

శబరిమలకు పెద్దపాదం, అంటే ఎరుమేలి నుంచి అడవి దారిన, నడిచి వెళ్లాలనుకున్న ఒక అయ్యప్పస్వామి. వయసు 46. కోస్తా డెల్టాలో ఒక పట్టణం. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 170 సెం.మీ., బరువు 84 కిలోలు. కొన్నేళ్లుగా బీపీకి మాత్ర వేసుకుంటున్నారు, అదుపులోనే ఉంది. షుగర్ లేదు. గుర్తుపట్టే వీలున్న మిగతా వివరాలు ఇక్కడ రాయడం లేదు.

కన్నెస్వామిగా, అంటే తొలిసారి మాల వేసినప్పుడు, బస్సులో పంబ దాకా వెళ్లి, అక్కడి నుంచి కొండెక్కే చిన్న దారైన చిన్నపాదం ఎక్కారు. మరుసటి ఏడు బృందంతో పెద్దపాదానికి బయల్దేరారు. ఈ దారి తెలియనివారి కోసం రెండు మాటలు. ఎరుమేలిలో పేటతుళ్లి నాట్యం ఆడి కదిలితే పేరూరుతోడు, కాళైకట్టి దాటి అళుదానది దాకా నడక పెద్దగా ఏడిపించదు. నది దాటిన దగ్గర్నుంచి అళుదామేడు నిటారుగా లేస్తుంది. నదిలో తీసుకున్న రాయిని కల్లిడుంకుండ్రులో వేసి, ఇంజిపారకోట, ముక్కుళి మీదుగా దిగి, కరియిలాంతోడు దాటితే కరిమల. కరిమల ఎక్కడం ఎంత ఉందో దిగడమూ అంతే ఉంది. దిగాక పెరియానవట్టం, సిరియానవట్టం, పంబ. మొత్తం 40 కి.మీ.కి పైమాటే. అదంతా అయ్యాక పంబ నుంచి నీలిమల, అప్పాచిమేడు ఎక్కి సన్నిధానం (అయ్యప్ప ఆలయం) చేరడానికి ఇంకో 5 కి.మీ. కాళ్లకు చెప్పుల్లేవు, నెత్తిన ఇరుముడి.

సమస్య

పెద్దపాదం వెళ్లిన ఆ ఏడు అళుదామేడులోనే ఆయాసం పట్టుకుంది. కరిమల ఎక్కారు గానీ దిగుడులో రెండు మోకాళ్ల చిప్పల వెనక నొప్పి మొదలై, చివరి భాగమంతా పక్కవాటంగా, కర్ర మీద బరువు వేసి దిగారు. పంబలో ఒక రాత్రి పడుకున్నా లాభం లేక నీలిమల డోలీలో ఎక్కారు. నొప్పి పదికి ఎనిమిది అన్నారు. శ్రావణమాసంలో మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: “ఈసారి డోలీ ఎక్కకూడదు.” వెంటనే ఇంకో మాట కలిపారు: “పోయినేడు రెండు నెలలు కాలువ గట్టు మీద రోజూ 8 కిలోమీటర్లు నడిచాను కదండీ, మరి ఎందుకిలా అయింది?”

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ప్రణాళిక దాదాపు దొరికినట్టే. అందుకే ముందు లెక్క వేశాం. నడకకు ఎంత ఆక్సిజన్ కావాలో అంచనా వేసే మామూలు సూత్రం ఒకటి వ్యాయామ వైద్యంలో వాడుకలో ఉంది. దాని ప్రకారం చదును నేల మీద గంటకు 5 కి.మీ. వేగానికి కిలో శరీర బరువుకు నిమిషానికి సుమారు 12 మిల్లీలీటర్లు చాలు. అదే నూరడుగులకు ఇరవై అడుగులు లేచే వాలు మీద గంటకు 3 కి.మీ. నడిస్తే 26 పైన కావాలి. వేగం తగ్గినా ఖర్చు రెట్టింపు దాటింది. గట్టు మీద 8 కాదు, 16 కి.మీ. నడిచినా ఆ 12 అలాగే ఉంటుంది, నడిచే సేపు మాత్రమే పెరుగుతుంది. గట్టు నడక వృథా అని కాదు. అరికాళ్లకు, నడుముకు, బరువు తగ్గడానికి పనికొచ్చింది. కొండకు కావలసిన గుండె దమ్ము, పిక్కబలం, తొడబలం మాత్రం దానితో రాలేదు.

పరీక్షలో కనిపించినవి

వ్యాయామం మొదలుపెట్టకముందు కార్డియాలజిస్టు దగ్గరికి పంపాం. నలభై దాటిన మనిషి, బీపీ ఉంది, ఎక్కబోయేది నిటారు కొండ. ఈ మూడూ కలిసినప్పుడు ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష లేకుండా ముందుకు వెళ్లకూడదన్నది మా నియమం. నీలిమల, అప్పాచిమేడుల దగ్గర కేరళ ఆరోగ్యశాఖ ప్రతి సీజన్లో గుండె వైద్యకేంద్రాలు నడుపుతున్నది ఊరికే కాదు.

ట్రెడ్‌మిల్ పరీక్ష నార్మల్ అని వచ్చింది. చాలామంది ఆ ఒక్క మాట చూసి కాగితం పక్కన పెడతారు. అందులో మాకు అంతకంటే పనికొచ్చే సమాచారం ఉంది. ఆ పరీక్షలో మూడేసి నిమిషాలకు ఒకసారి వేగం, వాలు పెరుగుతాయి: మొదట గంటకు 2.7 కి.మీ., 10 శాతం వాలు. తర్వాత 4 కి.మీ., 12 శాతం, ఆపైన 5.5 కి.మీ., 14 శాతం. ఈయన ఏడో నిమిషంలో, అంటే మూడో అంచె మొదలైన కాసేపటికే, ఆయాసంతో ఆపించారు. రెండో అంచె ఖర్చు పై సూత్రం ప్రకారం 25కి దగ్గర. అంటే అళుదామేడులో ఆ ఇరవై శాతం వాలు మీద గంటకు 3 కి.మీ. నడవడమంటే ఆయన దాదాపు తన దమ్ముకు పైకప్పు అయిన అంకెకు తల ఆనించి గంటల తరబడి నడవడమే. అదే వాలు మీద వేగాన్ని 2 కి.మీ.కి దించితే ఖర్చు 19కి పడిపోతుంది. కాబట్టి పని రెండు వైపుల నుంచీ చేయాలి: పైకప్పు లేపాలి, నడక నెమ్మది చేయించాలి. బృందంతో వెళ్లే స్వామికి రెండోది చెప్పినంత తేలిక కాదు.

కాళ్ల దగ్గరికి వస్తే, ఒంటికాలి మీద మడమ పైకెత్తడం కుడికి 11 సార్లు, ఎడమకు 9 సార్లు. ఈ వయసులో ఇరవై దగ్గర ఆశిస్తాం. గోడకు మోకాలు ఆనించి మడమ లేవకుండా పాదాన్ని ఎంత వెనక్కి జరపగలరో కొలిస్తే రెండు వైపులా 6 సెం.మీ.; పది దాకా ఉంటే మంచిది. చీలమండ ఇంత బిగుసుకుంటే నిటారు వాలు మీద మడమ నేలకు ఆనదు. మనిషి మునివేళ్ల మీద ఎక్కుతాడు, బరువంతా పిక్కల మీదే పడుతుంది. 20 సెం.మీ. పీట మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగమంటే ఆరోసారికే మోకాలు లోపలికి ఒరిగింది. మోకాలిలో వాపు లేదు, లిగమెంట్లు గట్టిగానే ఉన్నాయి. నొప్పి చిప్ప వెనకదే. తొడ ముందు కండ, తుంటి పక్క కండ అలసిపోవడం వల్ల వస్తున్నదే.

మొదట చేసినవి, కుదరనివి

డెల్టాలో కొండ లేదు. ఉన్నది ఐదంతస్తుల అపార్టుమెంటు. ఒక్కసారి పైదాకా ఎక్కితే 15 మీటర్ల ఎత్తు. రోజు విడిచి రోజు పదిసార్లు ఎక్కి దిగడం అనుకున్నారు. మొదలుపెట్టాక దమ్ము మెరుగుపడింది కూడా. మూడో వారానికి ఎడమ మోకాలు ఉబ్బింది. కారణం ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. ఎక్కేటప్పుడు తొడ కండ పొట్టిపడుతూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపుతుంది. ఆ సాగే పనిలోనే కండ నార ఎక్కువగా చిట్లుతుంది, చిప్ప మీద ఒత్తిడీ ఎక్కువే. ఈయన 150 మీటర్లు ఎక్కుతూ, గమనించకుండానే 150 మీటర్లు దిగుతున్నారు. వారం ఆపి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక్కటే మార్చాం: ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్టులో. నవ్వారు గానీ పాటించారు. మోకాలు మళ్లీ ఉబ్బలేదు.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద 12 శాతం వాలు పెట్టి నడిస్తే మొదట చాలా బాగా చేస్తున్నట్టు కనిపించింది. వెళ్లి చూస్తే ముందున్న కడ్డీ పట్టుకుని వెనక్కి వాలి నడుస్తున్నారు. అలా వేలాడితే ఒళ్లు వాలుకు లంబంగా నిలుస్తుంది, కొండ ఎక్కే పని బాగా తగ్గిపోతుంది. కడ్డీ వదలమంటే వేగం 4 నుంచి 2.8కి తగ్గించుకోవాల్సి వచ్చింది. అదే అసలు అంకె.

పనిచేసినవి

మాల వేసేలోపు మిగిలింది పదకొండు వారాలు. ఇక్కడ ఒక నిర్ణయం మిగతా అన్నింటినీ నడిపించింది: కొత్త బలమంతా మాలకు ముందే రావాలి, దీక్షలో ఉన్నదాన్ని కాపాడుకోవడమే. కారణం నమ్మకాలకు సంబంధించింది కాదు, పూర్తిగా శరీరానిదే. దీక్షలో తెల్లవారుజామున చన్నీటి స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, పడిపూజలూ భజనలూ అయ్యేసరికి అర్ధరాత్రి, కటిక నేల మీద పడక. నిద్ర, తిండి రెండూ తగ్గిన ఒంటి మీద బరువు పెంచుకుంటూ పోతే కండ కట్టదు, అరుగుతుంది.

మొదటి ఆరు వారాలు వారానికి మూడు రోజులు కండల పని. 20 సెం.మీ. పీట ఎక్కడం, కాలికి పదేసి, మూడు విడతలు. రెండు వారాలకోసారి పీట ఎత్తు పెంచి 30కి తెచ్చాం. ఆ తర్వాతే వీపు సంచిలో బియ్యం, 2 కిలోలతో మొదలై 8 దాకా. బరువు నెత్తికి కాకుండా వీపుకు ఎందుకంటే, ఇప్పుడు కావాల్సింది కాళ్లకు భారం, మెడకు కాదు. మడమ ఎత్తడం రెండు కాళ్లతో మొదలై ఒంటికాలికి, మెట్టు అంచు మీద, మడమ కిందికి దిగేలా. తుంటికి రబ్బరు బ్యాండుతో పక్క నడక. చీలమండకు గోడ దగ్గర మోకాలు ముందుకు నెట్టే సాగుడు, రోజూ రెండు పూటలా. మిగతా రోజుల్లో రెండుసార్లు ట్రెడ్‌మిల్, 8 శాతం నుంచి మొదలు.

శ్రమ ఎంతుండాలో చెప్పడానికి వాచీని నమ్ముకోలేదు. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని అదుపులో పెడతాయి కాబట్టి ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. పైగా ఇరుముడి పట్టుకున్న చేత్తో ఎవరూ వాచీ చూసుకోరు. దానికి బదులు శరణుఘోష. “స్వామియే శరణమయ్యప్పా” అని గొంతెత్తి ఒకే ఊపిరిలో అనగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో ఊపిరి తెగితే అడుగు చిన్నది చేయాలి. రెండుసార్లు తెగితే నిలబడాలి. శిక్షణ అంతా ఈ కొలత మీదే నడిచింది. కొండ మీద కూడా ఆయనకు పనికొచ్చింది ఇదే, ఎందుకంటే శరణాలు ఎలాగూ చెప్పుకుంటూనే ఎక్కుతారు.

ఏడో వారం నుంచి వాలు 15 శాతానికి చేరింది. గంటకు 3 కి.మీ. వేగంతో 45 నిమిషాలు, కడ్డీ ముట్టకుండా. లెక్క కడితే దాదాపు 340 మీటర్ల ఎత్తు. ఇదే సమయంలో నిజమైన కొండ మీద ఒకసారి చూసుకోవాలనుకుని శ్రీవారి మెట్టు ఎంచుకున్నాం. 2.1 కి.మీ.లో 2,388 మెట్లు. మెట్టుకు 15 సెం.మీ. వేసుకున్నా 350 మీటర్ల పైనే. అపార్టుమెంటు దాదాపు 24 సార్లు ఎక్కినట్టు. చెప్పుల్లేకుండా, వీపున 4 కిలోలతో, గోవిందనామం కొలతగా పెట్టుకుని ఎక్కారు, కూర్చోలేదు. దిగింది బస్సులో. నెల తర్వాత రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం దిగుడు కూడా కావాలని అలిపిరి దారిన నడిపించాం.

దిగుడును మేం వేరే వ్యాయామంగానే చూశాం. 10 సెం.మీ. పీట మీద నుంచి ఒంటికాలితో, మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా మడమ నేలకు తాకించి మళ్లీ పైకి. కాలికి ఎనిమిదేసి, రెండు విడతలు. నొప్పి పదికి మూడు దాటకపోతే తర్వాతి వారం 15, ఆపైన 20. ఆ తర్వాతే లిఫ్టు మానేసి మెట్లు దిగడం, అదీ మొదట ఒక్క అంతస్తు, వారం వారం ఒక్కోటి పెంచుతూ. సాగే పనికి కండ ఒకసారి అలవాటు పడితే ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అలవాటు లేని దిగుడు తర్వాత ఒళ్లునొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతాయి. పెద్దపాదంలో కరిమల దిగిన మర్నాడే నీలిమల ఎక్కాలి. పోయినేడు ఈయన డోలీ ఎక్కిన రోజు సరిగ్గా ఆ లెక్కలోనే పడింది.

అరికాళ్లు, ఇరుముడి, భిక్ష

ఏటా మాల వేసిన రెండో వారంలో మడమ నొప్పితో వచ్చే స్వాములు ఉంటారు. ఏడాదంతా మెత్తటి చెప్పులు, ఒక్కసారిగా సిమెంటు, తారు రోడ్లు. ఈయనకు మాలకు రెండు నెలల ముందు నుంచే గట్టు మట్టి మీద పది నిమిషాల చెప్పుల్లేని నడక పెట్టాం, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ. చివర్లో కంకర దారి. రాత్రిపూట అరికాళ్లకు కొబ్బరినూనె. చర్మం మందం కావాలి గానీ ఎండి పగలకూడదు, పగిలిన మడమలోకే ఇసుక దూరుతుంది. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఈ సలహా వర్తించదు.

ఇరుముడి బరువు 5 కిలోలు అనుకున్నాం. మాల వేశాక, అంత బియ్యం గుడ్డసంచిలో కట్టి, చుట్టకుదురు మీద పెట్టుకుని పది నిమిషాల నుంచి నలభై దాకా. నెత్తిన బరువుంటే మెడ వంచి కాళ్ల కింద చూడటం కుదరదు. మూడు నాలుగు మీటర్ల ముందే దారి చూసి పెట్టుకోవాలి, పాదం తడిమి ఆనించాలి. ఇది ఇంట్లో నేర్చుకోకుండా వెళితే వేళ్లకు వేరు తగిలి పడేది కరిమలలోనే. చేయి పది నిమిషాలకోసారి మార్చాలి, రెండో చేతిలో కర్ర.

మాల వేసిన మొదటి వారం ఒక ఇబ్బంది వచ్చింది. అలవాటు కొద్దీ ఉదయం పూజ కాగానే మెట్లెక్కారు. ముందు రోజు రాత్రి అల్పాహారం తర్వాత ఏమీ తినలేదు, బీపీ మాత్ర పడింది. మూడో అంతస్తులో కళ్లు తిరిగాయి. డాక్టరుతో మాట్లాడి మాత్ర వేళ సరిచేయించాం, వ్యాయామాన్ని సాయంత్రం ఐదింటికి మార్చాం: భిక్ష అరిగి, సాయంత్రం పూజకు ఇంకా వేళ ఉండే సమయం. వారానికి రెండే రోజులు, సగం విడతలు, వాలు మాత్రం తగ్గించలేదు. పరిమాణం తగ్గినా తీవ్రత నిలిస్తే బలం కొన్ని వారాలు నిలబడుతుంది.

తిండి విషయంలో నియమాలను ముట్టుకోలేదు. ఆ నియమాల్లోనే మాంసకృత్తులు పెంచాం: భిక్షలో రెండు కప్పుల ముద్దపప్పు, 300 గ్రాముల పెరుగు, సాయంత్రం వ్యాయామం కాగానే శనగల గుగ్గిళ్లు ఒక కప్పు, రాత్రి 400 మి.లీ. పాలు, గుప్పెడు వేరుశనగలు. అన్నంతో కలిపి రోజుకు 75 గ్రాముల దగ్గరికి వస్తుంది. భిక్షలో స్వాములు అప్పడాలు, పాయసం దగ్గర ఆగరు. పప్పు దగ్గర ఆపేస్తారు. ఆ ఒక్క అలవాటు తిరగేయడానికి గురుస్వామి మాట సాయం కావాల్సి వచ్చింది.

గురుస్వామితో మాట్లాడింది దానికొక్కదానికే కాదు. అళుదామేడులో ఈయన బృందం వెనక కాకుండా ముందు నడిచేలా ఒప్పించాం. వెనక ఉన్నవాడు అందుకోవడానికి పరుగెడతాడు, అందుకున్న క్షణానికి మిగతావారు విశ్రాంతి ముగించి లేస్తారు. ముందున్నవాడి వేగమే బృందం వేగం. చివరి గట్టి దిగుడు ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు. ఆ తర్వాత చదును నడకే.

నడకలో

ఎక్కుడులో చిన్న అడుగు, పాదం మొత్తం ఆనేలా. నిటారు చోట వెనక మోకాలు ఒక్క క్షణం బిగించి నిలిచి తర్వాతి అడుగు. దారి వెడల్పున్నచోట అడ్డంగా మెలికలు తిరుగుతూ. ఆగితే నిలబడే, నిమిషం మించకుండా. ఇరవై నిమిషాలకోసారి 150–200 మి.లీ. నీళ్లు. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీటికి ఒకటి; బీపీ ఉంది కనుక రోజుకు ఎన్ని అనేది డాక్టరే నిర్ణయించారు. బృందాల్లో ప్రసాదంలా చేతులు మారే నొప్పి మాత్రలు వద్దని గట్టిగా చెప్పాం. చెమటకు నీరు పోయిన ఒంట్లో అవి మూత్రపిండాలకు చేటు, బీపీని కూడా పెంచుతాయి.

అళుదామేడు, కరిమల కూర్చోకుండా ఎక్కారు. కరిమల దిగుడు చివర్లో మోకాలి నొప్పి పదికి మూడు. నీలిమల నడిచే ఎక్కారు, సన్నిధానం చేరారు. అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. కరిమలకు ముందు రాత్రి మకాంలో ఎడమ పిక్క పట్టేసి నిద్ర చెడింది. కుడి బొటనవేలి కింద బొబ్బ లేచింది. మేం నడిపించిన కంకరకు, అడవి దారిలోని తడి రాళ్లకు తేడా ఉంది. తిరిగొచ్చాక కొలిస్తే మడమ ఎత్తడం 22, 20, చీలమండ 9.5 సెం.మీ.; బరువు 78.

ఏది పనిచేసినట్టు?

ఆరు కిలోల బరువు తగ్గడం ఒక్కటే ఈ ఫలితంలో చాలా భాగాన్ని వివరించగలదు. ఎక్కే ప్రతి అడుగులో ఒక ఇరుముడి కంటే ఎక్కువ బరువు దించేసినట్టే కదా. నెమ్మది నడక ఇంకొంత. ఒక్క మనిషి కేసులో వీటిని విడదీయలేం. అయినా దిగుడు నొప్పి ఎనిమిది నుంచి మూడుకు రావడానికి ప్రధాన కారణం పీట మీది నెమ్మది దిగుడు సాధనే అని మా అంచనా. ఎందుకంటే అలిపిరి దిగే నాటికి బరువు ఇంకా 81 దగ్గరే ఉంది, మోకాళ్లు అప్పటికే మాట వింటున్నాయి. మళ్లీ ఇలాంటి కేసు వస్తే పిక్క పనిని రెండు వారాలు ముందే మొదలుపెడతాం, తడి రాళ్ల మీద నడక కలుపుతాం.

మాల వేశాక, నెలలోపు ప్రయాణం పెట్టుకుని, ఏ సాధనా లేకుండా పెద్దపాదం అంటూ వచ్చే నలభై దాటిన స్వాములకు మేం కండల వ్యాయామం పెట్టం. గుండె పరీక్ష చేయించి, చిన్న అడుగు, శరణుఘోష కొలత నేర్పి, ఈ ఏటికి పంబ నుంచి ఎక్కమంటాం. పెద్దపాదానికైతే వచ్చే శ్రావణంలో రమ్మంటాం.